ముందు వరుస, నాలుగో గడి

చెక్కల తాతకి డాన్సు రాదు. ఆ మాట ఆయనే చెప్పుకుంటాడు, అదేదో బిరుదు పుచ్చుకున్నట్టు. రానిది అదొక్కటే గానీ, డెబ్భై రెండేళ్ళలో ఆయనకి వచ్చినవి చెప్పాలంటే ఒక పూట చాలదు. ఊరి బడిలో చదివింది అయిదో తరగతే అయినా, ఇరవయ్యో ఎక్కం దాకా ఎక్కడా తడబడకుండా అప్పజెప్పి, తనిఖీకి వచ్చిన దొడ్డసారు చేత వీపు తట్టించుకున్నాడు, కొత్త పలక బహుమానం పుచ్చుకున్నాడు. పదహారో ఏట మేనమామ దగ్గర రంపం పట్టాడు. ఇరవై దాటకుండానే సొంత పనిముట్ల పెట్టె కొనుక్కున్నాడు. బడికి బల్లలు, ఆసుపత్రికి తలుపులు, కచేరీకి బీరువాలు, థియేటరుకి గుమ్మాలు ఆయన చేసినవే. కాలు కింద కాగితం మడిచి పెట్టాల్సిన బల్ల ఒక్కటంటే ఒక్కటి ఆయన చేతిలోంచి బయటికి పోలేదు. కావాలంటే వెళ్ళి ఊపి చూసుకోవచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు, సైకిళ్ళ కొట్టు మీది మేడలో ఆయన పరిచిన నాట్యశాల నేల ఒక ఎత్తు. ముప్పై మూడేళ్ళ కిందటి పని అది. అడుగున అడ్డపట్టీలు, పట్టీల కింద పాత లారీ టైర్లు కోసి చేసిన రబ్బరు ముక్కలు, పైన వేలెడు మందం చెక్క. కాలు పడితే నేల ఒక్క పిసరు లోపలికి పోయి మళ్ళీ పైకి వస్తుంది. మోకాలికి దెబ్బన్నది తెలియదు. ఇన్నేళ్ళలో ఆ నేల మీద విరిగినవి రెండే రెండు. ఒకటి కుర్చీ కాలు, రెండోది ఒక పెళ్ళి సంబంధం. రెంటిలోనూ చెక్క తప్పు లేదు. ఇన్నేళ్ళలో ఒక్క చెక్క కూడా కిర్రుమనలేదు. అయినా సరే, స్టెప్పు తప్పిన ప్రతివాడూ ఒకసారి కిందికి చూసి, "తాతా, ఇక్కడ కాస్త ఎత్తుపల్లంగా ఉందేమో చూడు" అంటాడు. లోకంలో ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు. ఇక్కడి వాళ్ళకి మద్దెల లేదు కాబట్టి చెక్కని అంటారు. తాత రసమట్టం తెచ్చి, నేల మీద పెట్టి, నడిమిన నిలబడ్డ నీటిబుడగ చూపించి మరీ వాడి నోరు మూయిస్తాడు. ముప్పై మూడేళ్ళుగా మూయిస్తూనే ఉన్నాడు.

ఆ మేడ మీద ఆడేది అరవై నాలుగు మంది బృందం. పగలు ఎవరి బతుకు వాళ్ళది. కండక్టరు బస్సులో, నర్సు ఆసుపత్రిలో, దర్జీ మిషను మీద. శని, ఆదివారాలు సాయంత్రం అయిదయ్యేసరికి మేడ మెట్లు దడదడలాడతాయి. ఎనిమిది వరుసలు, వరుసకి ఎనిమిది మంది. వాళ్ళకి లెక్క కూడా ఎనిమిది దాకానే వచ్చు. "అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది" అనగానే మళ్ళీ ఒకటికొస్తారు. మరి ఇప్పటికి ఎన్ని ఎనిమిదులయ్యాయో అడగండి, ఒక్కడు చెప్పడు. మాస్టారితో సహా.

వీళ్ళలో ఎవరికైనా కష్టం వస్తే ఆదుకోవడానికి ఒక పెట్టె ఉంది. టేకు తునకలతో ఆ పెట్టె చేసింది తాతే. తాళం చెవి కూడా ఆయన మొలతాడుకే ఉంటుంది. ఆ బాధ్యత ఆయన నెత్తిన పడడానికి కారణం కూడా డాన్సు రాకపోవడమే.

"నువ్వొక్కడివే తాతా మాలో కుళ్ళు లేనివాడివి," అని అందరూ కలిసి తీర్మానించారు. ఆ తీర్మానం చేస్తున్నంతసేపూ ఒక్కడు కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. ఒకడు మడమలెత్తి దించుతున్నాడు, ఒకామె గోడ పట్టుకుని కాలు చాపుతోంది. వీళ్ళతో మీటింగు పెట్టడమంటే కప్పల్ని తక్కెట్లో పెట్టి తూచడమే. అయినా ఆ పెట్టె ఈనాటికి పదకొండు మందిని గట్టెక్కించింది. కూలిన పైకప్పు, చచ్చిన ఆవు, పిల్లాడి బడి జీతం, ఏదడిగినా వరసగా చెబుతాడు తాత.

పన్నెండో కష్టం బొంగరానిది.

బొంగరం అంటే ముందు వరుసలో నాలుగో చోట ఆడే మనిషి. పై నుంచి పెద్ద దీపం వెలుగు సరిగ్గా పడే చోటు అది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. గిర్రున తిరిగితే బట్టల అంచు నేలకి సమంగా లేస్తుంది, అందుకే ఆ పేరు. పగలంతా బట్టల దుకాణంలో నిలబడి ఇస్త్రీ చేస్తుంది. వచ్చే జీతంతో తల్లినీ, చదువుకునే కూతుర్నీ సాకుతుంది. ఒకరోజు పొద్దున పనికి పోతూ బస్సు మెట్టు మీద జారింది. చీలమండ రెండు చోట్ల విరిగింది.

"బస్సు మెట్టు మీద," అని తాత వార్త చెప్పినవాడితో అన్నాడు. "నా నేల మీద కాదు. రాసి పెట్టుకో."

ఎముకల డాక్టరు లోపల ప్లేటు వేసి ఆరు మరలు బిగించాలన్నాడు. అదీ పద్దెనిమిది రోజుల్లోపు. దాటితే ఎముక ఎలా ఉంటే అలా వంకరగా అతుక్కుపోతుంది. ఆపైన కుంటినడకే. నిలబడి చేసే పని ఉండదు, డాన్సు సంగతి సరేసరి. పెద్దాసుపత్రిలో ఊరికే చేస్తారు గానీ అక్కడ వంతు రావడానికి రెండు నెలలు. బయట చేయించాలంటే అరవై వేలు. పెట్టెలో చూస్తే నాలుగు వేలు. కిందటి వర్షాలకి రెండు ఇళ్ళు నిలబెట్టారు మరి.

"ఆరు మరలకి అరవై వేలా!" అన్నాడు తాత ఇంటికొచ్చి భార్యతో. "గుప్పెడు మరలు నేను ఇరవై రూపాయలకి తెస్తాను."

"అయితే నువ్వే బిగించు," అంది ఆవిడ, కూరగాయలు తరుగుతూ. యాభై ఏళ్ళ కాపురంలో ఆవిడ తాత మాటకి తల ఎత్తి జవాబు చెప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

మర్నాడు తాత బొంగరం ఇంటికి వెళ్ళాడు. మూడో అంతస్తు. మెట్ల పక్కన పట్టుకునే చెక్క కటకటా ఊగుతోంది, ఎవడో సన్నాసి రెండు మేకులతో సరిపెట్టాడు. పైన ఒకటే గది. కిటికీ పక్క మంచం మీద బొంగరం కాలు దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంది. కాలు గుమ్మడికాయంత వాచింది.

"డబ్బు సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు తాత. "నువ్వు కాగితం మీద సంతకం పెట్టు చాలు. ఆసుపత్రి వాళ్ళు ముందు అదే అడుగుతున్నారు."

"పెట్టను."

"పెట్టవా?"

"పన్నెండేళ్ళు జనం నా కాళ్ళు చూసి చప్పట్లు కొట్టారు తాతా. ఇప్పుడు అవే కాళ్ళు చూపించి చిల్లర ఏరుకోమంటావా?"

"చిల్లరెందుకు తల్లీ, నోట్లే వేయిస్తాను."

"నవ్వించకు. నవ్వితే కాలు లాగుతోంది," అని మొహం అటు తిప్పుకుంది. "కట్టు కట్టారుగా, అదే అతుక్కుంటుంది."

"వంకరగా అతుక్కుంటుంది. పచ్చిచెక్క వంగినప్పుడే సరిచేయాలి, ఎండాక ఎవడి తరం?"

"నేను చెక్కని కాదు."

"చెక్కవైతే ఈపాటికి మాట వినేదానివి."

గుమ్మంలో నిలబడ్డ బొంగరం తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంది. "చూశారా అన్నయ్యా, మూడు రోజులుగా ఇదే వరస. ఊరందరి ముందూ చెయ్యి చాచనంటుంది. రేపు కుంటి కాలితో ఎవరింటికి పోయి చెయ్యి చాస్తుందో అడగండి."

బొంగరం గోడవైపు చూస్తూనే, "మాస్టారికి చెప్పు తాతా, నా చోటు ఖాళీగా ఉంచమని," అంది.

"ఎన్నాళ్ళు?"

బొంగరం దుప్పటి తల మీదికి లాక్కుంది. తాత లేచాడు. దిగేటప్పుడు ఊరుకోలేక జేబులోంచి మేకు తీసి, రాయితో కొట్టి, కటకటా బిగించి మరీ దిగాడు.

మనిషిని ఒప్పించడం తర్వాత, ముందు డబ్బు చేతిలో ఉండాలి కదా అని ఆ సాయంత్రమే అందర్నీ పిలిచాడు. డబ్బిస్తామని అందరూ అన్నారు. ఒట్టి చేతులతో ఇవ్వడం మాత్రం ఒక్కరికీ నచ్చలేదు. ప్రదర్శన పెట్టాలి! పెద్ద థియేటరులో, పెద్ద దీపాలతో! మాస్టారు అప్పుడే కళ్ళు మూసుకుని చేతులు గాల్లో తిప్పడం మొదలెట్టారు. మాస్టారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏడవబోతున్నట్టుండే మనిషి.

"చక్కగా మన నేల ఉండగా థియేటరెందుకు మాస్టారూ? నేల విడిచి సామెందుకు?" అన్నాడు తాత.

"కళని మేడ మీద బంధించకూడదు అన్నయ్యా," అన్నారు మాస్టారు. కళని బంధించకుండా ఉండడానికి పెట్టెలోని నాలుగు వేలూ అడ్వాన్సు కింద పోయాయి.

ఇక అక్కడి నుంచి నాలుగు రోజులు బొంగరం పేరెత్తినవాడు లేడు. ముందు వరుసలో ఎవరుండాలి? అదే గొడవ. ఇంతకుముందు ముందు వరుసలో ఉన్నవాళ్ళు కదలమన్నారు. వెనక వరుసల వాళ్ళు, "మంచిపని కోసం ఆడుతున్నాం, ఇప్పుడైనా మా మొహాలు జనానికి కనపడనివ్వరా" అన్నారు. కండక్టరు విజిలేసి మరీ తన వాదన చెప్పాడు. నర్సు మూడో వరుసకి పంపితే ఆడనంది, ఆడనని చెప్పి అక్కడే నిలబడి ఆడింది. అందరికంటే గట్టిగా పట్టుబట్టింది నెమలి.

నెమలిది దర్జీ పని. బృందంలో అందరి బట్టలూ ఆమే కుడుతుంది. రెండో వరుసలో నాలుగో చోటు ఆమెది, అంటే సరిగ్గా బొంగరం వెనక.

"పన్నెండేళ్ళుగా నేను చూసిందల్లా ఆమె వీపు బాబాయ్," అంది తాతతో. "ఆ వీపు మీది కుట్టు కూడా నేను వేసిందే. ఇప్పుడామె లేదు. నేను ఒక అడుగు ముందుకేస్తే ఎవరి సొమ్ము పోయింది?"

"ఆమె చోటు ఖాళీగా ఉంచమంది."

"ఖాళీ చోటు డాన్సు చేస్తుందా?"

తాతకి తల ప్రాణం తోకకొచ్చింది. ఈ లోపల కాలు విరిగి తొమ్మిది రోజులు గడిచాయి. పోనీ టిక్కెట్లెన్ని తెగాయో చూద్దామని అచ్చేయించిన మూడు వందలూ ఎవరి వాటా వాళ్ళని పట్టుకురమ్మన్నాడు. అందరూ తెచ్చారు. తెచ్చినవి తెచ్చినట్టే బల్ల మీద పెట్టారు.

"ఒక్కటీ అమ్మలేదా?"

"ఎవరికి అమ్మను తాతా?" అంది నర్సు. "మా ఆయన అయిదో వరుసలో ఆడుతున్నాడు. మా ఆడపడుచు ఆరో వరుస. మా అత్తగారు తెర వెనక జడలు వేస్తానంది."

"నువ్వు?" అన్నాడు తాత కండక్టరుని చూసి.

"నా స్నేహితులంతా ఇక్కడే ఉన్నారు," అని కండక్టరు చుట్టూ చెయ్యి తిప్పి చూపించాడు. "వీళ్ళు తప్ప నాకెవరున్నారు తాతా?"

"మరి చూడ్డానికి ఎవరొస్తారు?"

గదిలో మొదటిసారి ఎవరి కాలూ కదల్లేదు. వాళ్ళకి తెలిసినవాళ్ళు, డాన్సంటే డబ్బిచ్చి చూసేవాళ్ళు ఎవరెవరున్నారో వాళ్ళందరూ స్టేజి మీదే ఉన్నారు. మాస్టారి పిన్నిగారు ఒకావిడ వస్తానన్నారట, ఆవిడకి చూపు ఆనదు. చివరికి లెక్క తేలింది, పదకొండు టిక్కెట్లు. అందులో ఆరు తాత కొన్నవే.

ఆ రాత్రి తాత అన్నం ముందు కూర్చుని అరగంట తిట్టాడు. ఆడేవాళ్ళని, ఆడించేవాణ్ణి, ఈ పెట్టె చేసిన తన చేతుల్ని కూడా. "మూడొందల కుర్చీలు అద్దెకి తీసుకున్నారే! కూర్చునే ఒక్క మనిషిని తీసుకోవడం మర్చిపోయారు! అందరూ అందలం ఎక్కితే మోసేవాడెవడే?"

"ఎక్కేవాళ్ళే మోత డబ్బులు కూడా ఇచ్చుకోవాలి," అంది ఆవిడ, మజ్జిగ పోస్తూ.

తాత చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"మజ్జిగ పోయనా వద్దా అన్నాను."

తెల్లారగానే తాత థియేటరుకి వెళ్ళాడు. మేనేజరు అడ్వాన్సు తిరిగి ఇవ్వడం కుదరదన్నాడు. "ఆ గుమ్మాలు ఎవరు చేశారో తెలుసా? ఇరవై ఆరేళ్ళు! ఏ గుమ్మమైనా కిర్రుమందా? ఇంకో కార్పెంటరుని పిలిచి చూపించు, వాడేమంటాడో విను," అంటూ ఒక్కో తలుపూ తెరిచి మూసి, మూసి తెరిచి చూపించాడు. ఏడో తలుపు దగ్గర మేనేజరు రెండు వేలు వెనక్కిచ్చి దణ్ణం పెట్టాడు.

అక్కణ్ణించి నేరుగా మేడ మీదికి వచ్చాడు. దారం సుద్దలో ముంచి, నేల మీద పొడుగ్గా సాగదీసి, ఠప్పున కొట్టాడు. తెల్లటి గీత పడింది. అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది. అరవై నాలుగు గడులు. ఏ గడికా గడిలో సుద్దతో ధర రాశాడు. శనివారం సాయంత్రం జనం మెట్లెక్కి వచ్చేసరికి తాత గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని రసీదు పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు.

"థియేటరు లేదు. టిక్కెట్లు లేవు. రేపు సాయంత్రం ఇక్కడే ఆట. ఎవరికి ఏ చోటు కావాలంటే ఆ చోటు కొనుక్కోండి. కొన్నవాడే ఆ గడిలో నిలబడతాడు. వెనక వరుస మూడొందలు, ముందుకొచ్చేకొద్దీ ముదురుతుంది. ముందు వరుసకి మాత్రం వేలంపాట."

"ఇది అన్యాయం అన్నయ్యా!" అన్నారు మాస్టారు. "ఎవరెక్కడ నిలబడాలో కళ నిర్ణయించాలి!"

"నాలుగు రోజులు కళకే వదిలేశాను మాస్టారూ. కొట్టుకు చస్తున్నారు."

నిమిషంలో మేడ సంతైపోయింది. నాలుగు రోజులుగా ఏ చోటు కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నారో ఆ చోటు మీదే చేతులెత్తి పాడారు. కండక్టరు ముందు వరుసలో ఎడమ చివర కొట్టేసి విజిలేశాడు. నర్సు భర్తని అయిదో వరుసలోనే వదిలేసి తాను రెండో వరుసకి ఎగబాకింది. "నన్ను కూడా తీసుకుపోవే," అని అతను వెనక నుంచి అరుస్తున్నాడు. ఒకాయన కుడివైపు గడి కొన్నాక తన మొహం ఎడమవైపు నుంచే బాగుంటుందని గుర్తొచ్చి మార్చమన్నాడు. మార్పిడికి యాభై అన్నాడు తాత. ఇచ్చాడు!

ముందు వరుస నాలుగో గడి మిగిలింది. పెద్ద దీపం కింది గడి. అయిదు వేల దగ్గర పాట మొదలైంది, ఎనిమిది దగ్గర ఇద్దరే మిగిలారు, పది అని నెమలి అనగానే ఆ ఇద్దరూ ఆమె వైపు చూశారు. నెమలి సంచిలోంచి గుడ్డలో కట్టిన కట్ట తీసి తాత ఒళ్ళో పెట్టింది.

"పదిహేను. ఇంక పాడక్కర్లేదు."

తాతకి ఆ గుడ్డ తెలుసు. కొత్త మిషను కోసం మూడేళ్ళుగా ఆమె దాస్తున్న డబ్బు అది. "చోటు ఖాళీగా ఉంచమంది కదమ్మా," అన్నాడు మెల్లగా.

"పదిహేను వేలిచ్చి ఖాళీగా ఉంచుతారా ఎవరైనా? నేను నిలబడతాను. నిలబడి ఆడతాను. రసీదు రాయి బాబాయ్."

రాసిచ్చాడు. అందరికీ రాసిచ్చాడు. బొంగరం పోగా బృందంలో మిగిలింది అరవై ముగ్గురు. అరవై మూడు రసీదులు చిరిగాయి. మిగిలిన అరవై నాలుగో గడి చివరి వరుసలో మూలది. దాని ముందు లావుపాటి స్తంభం ఉంది. అక్కడ నిలబడినవాడికి లోకం కనపడదు, లోకానికి వాడు కనపడడు. డబ్బు లెక్కపెడితే అరవై వేలకి ఇంకా రెండు వేల రెండొందలు తక్కువ.

ఎవరైనా కలిపిస్తారేమోనని తాత చుట్టూ చూశాడు. అందరూ ఎవరి గడిలో వాళ్ళు అప్పుడే చేతులు చాపి, పక్కవాడి చెయ్యి గీత దాటుతోందా లేదా అని కొలుచుకుంటున్నారు.

కొత్త కళ్ళజోడు కోసం చొక్కా లోపలి జేబులో పెట్టుకున్న డబ్బు తీశాడు తాత. సరిగ్గా సరిపోయింది. ఇంటికెళ్ళి చెబితే భార్య ఈసారి తల ఎత్తింది.

"డాన్సు రాని మనిషివి. ఎవరికీ కనపడని చోటు. మూడొందల గడిని రెండు వేల రెండొందలు పెట్టి కొన్నావా?"

"అవును."

"కళ్ళజోడు అవసరమే నీకు," అని ఆవిడ మళ్ళీ తల దించుకుంది.

ఆదివారం సాయంత్రం సైకిళ్ళ కొట్టు కుర్రాళ్ళు ఇద్దరు బొంగరాన్ని కుర్చీతో సహా మేడ మీదికి మోశారు. రానంది. "నీకు దానం చేయడానికి కాదే, నీ జట్టు ఆడుతుంటే చూడ్డానికి రా" అని తల్లి రెండు గంటలు పోరితే ఒప్పుకుంది. కుర్చీని తాత స్వయంగా గోడవారగా, ముందు వరుసకి ఎదురుగా వేయించాడు. కాలికి ఒక పీట. ఆ ప్రదర్శనకి ప్రేక్షకురాలు ఆమె ఒక్కతే.

బొంగరం వరుసలన్నీ చూసింది. చూపు నాలుగో గడి మీద ఆగింది.

"అదేంటి నువ్వక్కడున్నావ్?"

"కొనుక్కున్నాను," అంది నెమలి. ఎర్ర లంగా సర్దుకుంది. "రసీదుంది, చూస్తావా?"

"అది నా చోటు!"

"నీ చోటైతే వచ్చి నిలబడు."

"కాలు విరిగి ఉంటే ఎలా నిలబడతానే!"

"కాలు బాగు చేయించుకోనంటున్నావటగా. వంకర కాలితో దీపం కింద ఏం నిలబడతావులే. ఆ కుర్చీలోనే కూర్చో, బాగుంది నీకు."

"నోరుమూసుకో!" బొంగరం కుర్చీ చేతులు పట్టుకుని పైకి లేవబోయింది. లేవలేక కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కారనివ్వలేదు. "మూడో మలుపులో ఎడం భుజం పడేస్తావు నువ్వు. పన్నెండేళ్ళుగా పడేస్తున్నావు. వెనక ఉన్నావు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇవాళ అందరూ చూస్తారు."

"అందరూ ఎవరు? నువ్వొక్కదానివేగా."

"నేను చాలు!"

మాస్టారు ఏడవడం మొదలెట్టారు. తాతకి విసుగు నషాళానికంటింది. "కొట్టుకోవడం అయితే ఆడతారా, గడుల డబ్బు వెనక్కిమ్మంటారా?" అని మూల నుంచి గర్జించి, స్తంభం చాటున తన గడిలో వెళ్ళి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

పాట మొదలైంది. నూట ఇరవై ఏడు కాళ్ళు ఒక్కసారి పడ్డాయి. నూట ఇరవై ఎనిమిదోది తాతది, అది కొంచెం ఆలస్యంగా పడింది. నేల ఒక్క పిసరు కిందికి పోయి పైకి లేచింది. ముప్పై మూడేళ్ళుగా బయట నిలబడి చూసినవాడికి అది అరికాళ్ళలో తెలియడం అదే మొదలు. మంచి పనే చేశాను అనుకున్నాడు.

నిమిషం గడిచిందో లేదో, అనుకున్నంతా అయింది. ముందు వరుస కుడికి తిరిగింది, మూడో వరుస ఎడమకి తిరిగింది, మిగతావాళ్ళు ఎటు తిరగాలో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు. "ఇది పదో ఎనిమిది!" అని కండక్టరు, "పదకొండు!" అని నర్సు. మాస్టారు వేళ్ళు మడుస్తూ అయోమయంగా నిలబడ్డారు. వాళ్ళు ఒకటి నుంచి ఎనిమిది అంటూ మళ్ళీ ఒకటికి పోతుంటే, స్తంభం చాటున తాత మాత్రం చిన్నప్పటి ఎక్కం పట్టుకుని పోతున్నాడు. ఎనిమిది రెళ్ళు పదహారు, ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు.

"ఎనిమిది పన్నెండ్లు తొంభై ఆరు!" అని అరిచాడు. "ఇప్పుడయింది పన్నెండోది! పదమూడో ఎనిమిదికి అందరూ ఎడమకి తిరగాలి! తిరగండి, మీ మొహాలు మండ!"

అందరూ తిరిగారు. ఆట ముగిసేదాకా స్తంభం వెనక నుంచి ఎక్కం వినపడుతూనే ఉంది. మూడో మలుపులో నెమలి ఎడం భుజం పడిపోయింది.

"పడింది!" అని బొంగరం కుర్చీలోంచి కేకేసింది. "చూశారా! పడింది!"

ఆట అయ్యాక చప్పట్లు కొట్టింది ఆమె ఒక్కతే. కొట్టి, తాతని పిలిచింది. ఆయన మోకాళ్ళు పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"ఆ కాగితం తెచ్చావా?"

"ఏ కాగితం?"

"అదే, సంతకం పెట్టమన్నావే. ఆపరేషను ఎప్పుడు చేస్తారట? రేపు చేస్తారా?"

"చెయ్యి చాచనన్నావుగా?"

"చెయ్యి చాచడమేంటి, నా చోటు అమ్ముకున్నారు మీరు. పదిహేను వేలకి! నన్నడక్కుండా! ఆ డబ్బు నాది," అంది బొంగరం. తర్వాత గొంతు తగ్గించి, "నిజంగా పదిహేనిచ్చిందా తాతా?" అంది.

"మిషను డబ్బు."

బొంగరం నెమలి వైపు చూసింది. నెమలి అటు తిరిగి ఎవరితోనో తన భుజం ఎందుకు పడిందో చెబుతోంది, చెక్క ఎత్తుపల్లంగా ఉందట.

పదహారో రోజున ఆపరేషను జరిగింది. ఆరు మరలు. డాక్టరు చూపించిన ఫొటోలో తాత ఒక్కొక్కటీ పరీక్షగా చూసి, మూడోది కొంచెం ఏటవాలుగా పోయింది గానీ మొత్తానికి ఫర్వాలేదన్నాడు.

ఇక్కడితో అయిపోతే తాత సుఖపడేవాడు. ఆరో నెలలో బొంగరం కర్ర పారేసి మేడ మెట్లెక్కింది. తిన్నగా వెళ్ళి ముందు వరుస నాలుగో చోట నిలబడింది. అక్కడ నెమలి ఉంది.

"జరుగు."

"ఎందుకు జరగాలి? రసీదుంది."

"బాబూ, తల్లీ," అన్నాడు తాత, "అది ఆ ఒక్క ఆదివారానికే."

నెమలి సంచిలోంచి రసీదు తీసి ఆయన చేతికిచ్చింది. "ఏ ఆదివారమో చూపించు బాబాయ్. తారీఖెక్కడుంది?"

తాత కళ్ళజోడు ముక్కు మీదికి జరిపాడు, వెనక్కి జరిపాడు, కాగితం తిప్పి చూశాడు. పేరుంది, గడి ఉంది, డబ్బుంది, సంతకం ఉంది. తారీఖు లేదు. అరవై నాలుగు రసీదుల్లోనూ లేదు. యాభై ఆరేళ్ళ పనిలో అంగుళంలో పదహారో వంతు తప్పని మనిషి! కొత్త కళ్ళజోడు కొనుక్కుని ఉంటే ఇలా జరిగేది కాదని ఆ రోజు నుంచి కనపడినవాడికల్లా చెబుతున్నాడు.

ఇద్దరూ జరగలేదు. ఒక్క గడిలో ఇద్దరు, మోచెయ్యీ మోచెయ్యీ తగులుతూ, "నీ కొంగు తియ్యి", "నీ కాలు తియ్యి" అని పళ్ళు బిగించి తిట్టుకుంటూ ఆడుతున్నారు. మాస్టారు అది కొత్త కళ అన్నారు. మిగతా అరవై రెండు మందీ రసీదులు తెచ్చి ఎవరి గడి వాళ్ళకే శాశ్వతమని కూర్చున్నారు. తాత స్తంభం చాటు గడి ఎవరూ అడగలేదు గానీ, శనివారం అయిదింటికి ఆయన అక్కడ లేకపోతే మాత్రం ఆట మొదలుకాదు. ఎన్నో ఎనిమిదో చెప్పేవాడు కావాలిగా.

ఇదంతా చాలనట్టు మొన్న శనివారం ముందు వరుస నాలుగో గడిలో చెక్క కిర్రుమంది. ముప్పై మూడేళ్ళలో మొదటిసారి. ఆట ఆగిపోయింది, అందరూ తాత వైపు చూశారు. ఆయన రసమట్టం తీసుకెళ్ళలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, "మళ్ళీ వెయ్యమ్మా కాలు," అన్నాడు బొంగరంతో. వేసింది. ఆపరేషను చేసిన కాలే. చెక్క మళ్ళీ కిర్రుమంది.

"ఇంకా గట్టిగా."

ఇంకా గట్టిగా వేసింది.

"పాడు చేసి పెట్టావు నా నేలని," అన్నాడు తాత లేస్తూ. "రేపొచ్చి మేకు కొడతాను." ఆ రేపు ఇంకా రాలేదు.